రెండు దేనారములు
(డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసానిగారి జీవితము)

పఠన భాగములు: లూకా 10:30–37, మార్కు 5:25–34



మంచి సమరయుని ఉపమానమును మన సంఘములలో చిన్నబిడ్డలు సహితము ఎరుగుదురు. గాయములు కట్టిన సంగతి, నూనెయు ద్రాక్షారసమును పోసిన సంగతి, తన వాహనము మీద ఎక్కించుకొని పోయిన సంగతి మనము ప్రసంగించుదుము. ఆదివార పాఠశాలలో బొమ్మ గీయించుదుము. మరునాటి ఉదయము జరిగినదానిని మాత్రము త్వరగా దాటిపోవుదుము. ఆ ఉదయమున సమరయుడు తన దారిని తాను పోవలసియుండెను. పోవుటకు ముందు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, రోగిని అప్పగించి, ఇంకేమైన ఖర్చయినచో తిరుగు ప్రయాణములో తానే తీర్చెదనని పూచీపడెను. దేనారమనగా ఆ దినములలో కూలివాని ఒకనాటి కూలి. రోగి ఎక్కడ నుండవలెను, ఎవరు చూడవలెను, వ్యయమెవరిది, మిగులు లెక్క ఎట్లు తీరవలెను అను ప్రశ్నలన్నిటికిని అతడు గుమ్మము దాటకముందే జవాబు ఏర్పడెను. ఈ ఉపమానమును మనకు వ్రాసియిచ్చిన లూకా వైద్యుడు. అతనికి ఈ డబ్బు సంగతి చిల్లర సంగతిగా తోచలేదు.

మార్కు సువార్తలోని రక్తస్రావరోగిని జ్ఞాపకము చేసికొనుడి. పండ్రెండేండ్ల రోగముతోపాటు ఆమెకు బీదరికమును ప్రాప్తించినది. వైద్యుల చుట్టు తిరిగి ఆస్తి యంతయు కరిగిపోయిన పిమ్మటనే ఆమె ప్రభువు వస్త్రపు చెంగును ముట్టెను. అట్టి స్త్రీలు మన కోనసీమలో ఇంటింట లేరా?

ఈ నెల మనము ధ్యానించు జీవితము డాక్టర్ అన్నా సారా కుగ్లర్ దొరసానిగారిది. గుంటూరులో ఆమె పేరుగల ఆసుపత్రిని మీలో కొందరు చూచియుందురు. ఆమె హస్తవాసిని గూర్చి చెప్పినవారు అనేకులు. నేను ఆమె రెండు దేనారములను గూర్చి చెప్పగోరుచున్నాను.

అన్నమ్మగారు (మన నోట ఆ పేరు అట్లే పలుకును) 1856వ సంవత్సరము ఏప్రిల్ నెలలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆర్డ్‌మోర్ అను ఊరిలో లూథరన్ కుటుంబమున జన్మించిరి. ఫిలడెల్ఫియాలో స్త్రీలకొరకే ఏర్పడిన వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టభద్రురాలైరి. ఆ కాలమున స్త్రీ వైద్యురాలగుట అమెరికాలో సహితము నవ్వులపాలగు పని. పిమ్మట నారిస్‌టౌన్ అను పట్టణమున మతిచలించిన వారికొరకు రాష్ట్ర ప్రభుత్వము నడుపు ఆసుపత్రిలో ఉద్యోగము చేసిరి. అక్కడ స్త్రీ రోగుల విభాగమునకు స్త్రీయే ప్రధాన వైద్యురాలు. ఆడవారికి ఆడ వైద్యులు, వారి జీతములకు ప్రభుత్వ ధనము, వారి అధికారమునకు వ్రాతపూర్వకమైన ఏర్పాటు — ఇవన్నియు ఆమె పడుచుదనముననే కన్నులార చూచిరి. ఈ అనుభవము తరువాత ఆమెకు అక్కరకు వచ్చినదని నా అభిప్రాయము.

1882లో గుంటూరు మిషనెరీ ఆడమ్ రో దొరగారు ఆమెకొక ఉత్తరము వ్రాసిరి. హిందూదేశ స్త్రీలు వైద్యులు లేక ఎట్లు నశించుచున్నారో అందు వివరించిరి. కొలదికాలములోనే రో దొరగారు తామే గుంటూరున మరణించిరి. ఆ ఉత్తరము మాత్రము మరణింపలేదు. ఆమె తమ సంఘపు స్త్రీల మిషనెరీ సమాజమునకు దరఖాస్తు పెట్టుకొనిరి. వైద్యసేవ ప్రారంభించుటకు ఇప్పుడు తాము సిద్ధముగా లేమనియు, కావలసినచో జెనానా స్త్రీలకును బాలికలకును ఉపాధ్యాయురాలిగా పంపెదమనియు సమాజమువారు జవాబిచ్చిరి.

మనలో ఎవరమైనను అట్టి జవాబు వచ్చినచో ఏమి చేయుదుము? నేనైతే అలిగి యింట కూర్చుందును. ఆమె అలుగలేదు. ఉపాధ్యాయురాలిగానే పేరు వ్రాయించుకొని, వైద్య సాధనములను కూడ పెట్టెలలో సర్దుకొని ఓడ యెక్కిరి. 1883 నవంబరు నెలాఖరున గుంటూరు చేరిరి.

గుంటూరు మిషను వైద్యమునకు పూర్తిగా క్రొత్తది కాదు. 1842 జూలై 31న అక్కడ అడుగుపెట్టిన ఫాదర్ హయ్యర్ గారు కొంతకాలమునకు స్వదేశము వెళ్లినప్పుడు, నడివయస్సు దాటియు వైద్యము నేర్చి డాక్టరు పట్టముతో తిరిగి వచ్చినవారు. అయితే ఆ సేవ ఆయన చేతితోనే వచ్చి ఆయనతోనే పోయినది. దానికొక యిల్లు లేదు, నిధి లేదు, తరువాతి మనిషి లేడు.

ఇక ప్రభుత్వపు ఆసుపత్రులో? 1871లో చెన్నపట్టణపు ప్రభుత్వము లోకల్ ఫండు చట్టము చేసెను. భూమి శిస్తుతోపాటు రైతుల యొద్ద సెస్సు వసూలుచేసి, ఆ ధనముతో బాటలు, బడులు, ఆసుపత్రులు నడుపుట దాని ఉద్దేశము. 1884లో వచ్చిన లోకల్ బోర్డుల చట్టము జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను ఏర్పరచి ఈ పని వారికి అప్పగించెను. మన పెద్దలు లోకల్ ఫండు ఆసుపత్రియనియు ధర్మాసుపత్రియనియు పిలిచినవి ఇవే. ఆనకట్ట నీటితో పండిన మన గోదావరి చేలమీద సహితము ఆ సెస్సు పడెను. ధర్మమను పేరు పడినను అది ఒకరు పెట్టిన ధర్మము కాదు. రైతు శిస్తులో నుండియు, ఆ రైతు చేలో వంగి నాటిన కూలిదాని రెక్కలలో నుండియు వచ్చినది.

చట్టము వచ్చెను, ధనము వచ్చెను, తాలూకా కేంద్రములలో ఆసుపత్రులు వెలసెను. కాని అందు కూర్చున్న వైద్యుడు పురుషుడు. గోషా స్త్రీ అక్కడికి రాదు. వచ్చినను చేయి చూపదు. ప్రసవవేదనలో మూడు దినములున్నదానిని సహితము ఇంటిలోనే చావనిచ్చుదురు గాని పరపురుషునికి చూపరు. ఎవరి చెమటతో ఆ నిధి నిండెనో వారిలో సగముమందికి తలుపు మూసియున్నదన్నమాట.

కుగ్లర్ దొరసానిగారు బడులు చూచుకొనుచునే, పిలిచిన యింటికెల్ల వెళ్లసాగిరి. కొన్ని యిండ్లలో ఆమె తాకినదానిని కడుగవలసిన మైలగా ఎంచుచుండిరి. మందు చేతికియ్యక నేలమీద పెట్టవలెను. ఆమె ప్రక్కకు తప్పుకొనిన పిమ్మట వారు తీసికొనవలెను. అంటరానితనము ఏమో మన తాతలకు ఎవరును చెప్పనక్కరలేదు గదా! ఏడు సముద్రములు దాటి వచ్చిన పట్టభద్రురాలు కూడ ఆ రుచి చూచెను. అయినను పిలుపులు పెరిగినవే గాని తగ్గలేదు. ఆమె బంగళా వరండాయే ఆసుపత్రి యాయెను.

రెండు సంవత్సరములు ఇట్లు జరిగెను. ఆ కాలమున ఆమె వైద్యసేవ కాగితము మీద లేదు. ఆమె తన సమాజమువారికి స్థితి అంతయు వ్రాయుచు, అడుగుచు, మరల అడుగుచు నుండిరి. తుదకు 1885 డిసెంబరులో సమాజమువారు ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి. ఒక తీర్మానము, ఒక కాగితము, అంతియే. అయితే ఆ కాగితముతో మందులకు సొమ్ము వచ్చెను, పట్టణములో డిస్పెన్సరీ వచ్చెను, తన తరువాత ఇంకొక వైద్యురాలు వచ్చుటకు దారి యేర్పడెను. ఫాదర్ హయ్యర్ గారి సేవకు లేకపోయినది ఇదే. ఆత్మీయులమని చెప్పుకొను మనము కమిటీలను తీర్మానములను తేలికగా మాటలాడుదుము. తీర్మానములేని దయ ఆ దయగల మనిషితో సమాధి యగును.

అదే 1885లో ఇంకొక రెండు ఏర్పాట్లు జరిగెను. వైస్రాయి భార్య డఫరిన్ దొరసానిగారు విక్టోరియా రాణిగారి కోరికననుసరించి హిందూదేశ స్త్రీలకు స్త్రీ వైద్యుల సహాయము కలుగజేయుటకు ఒక నిధిని స్థాపించిరి. రాజులు, జమీందారులు విరాళములిచ్చిరి. మతబోధ చేయరాదను నియమము దానికుండెను. చెన్నపట్టణములో డాక్టర్ మేరీ షార్లీబ్ గారి ప్రయత్నమున ఆచారముగల కులముల స్త్రీలకును గోషా స్త్రీలకును వేరుగా ఒక ఆసుపత్రి తెరువబడెను. దాని భవనమునకు వేంకటగిరి రాజావారు ధనమిచ్చిరి. ఆ ఆసుపత్రి పేరులోనే కులమను మాటయు గోషా యను మాటయు చేరియుండెను. ప్రాణములు నిలిచినవి గనుక దానిని నేను నిందింపను. అయినను మాలపల్లెలోని బాలెంత ఆ పేరుగల తలుపు తట్టుటకు ఎంత జంకియుండునో ఊహింపుడి.

గుంటూరు ఆసుపత్రి సొమ్ము వేరొక దారిన వచ్చెను. 1889లో దొరసానిగారు సెలవుపై స్వదేశమునకు వెళ్లి, 1891లో మరల వచ్చిరి. ఆ సెలవు విశ్రాంతికి పోలేదు. సంఘము వెంట సంఘము తిరిగి ఆసుపత్రి యావశ్యకతను వివరించుటకే చాలవరకు పోయినది. ఆ సొమ్ము కోటీశ్వరుల చెక్కులు కావు. లూథరన్ సంఘముల స్త్రీలు తమ యింటి ఖర్చులో మిగిల్చి కానుక పెట్టెలలో వేసిన చిన్న నాణెములు. రైతుల భార్యలు, కుట్టుపని చేసికొనువారు, వితంతువులు అందున్నారు. వారిలో ఒక్కతెయు గుంటూరును చూడలేదు, చూడబోదు. మన సంఘములలో స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక గుప్పెడు తీసి వేరు కుండలో వేయుదురు గదా. అదే పద్ధతి అనుకొనుడి.

ఆ ధనముతో గుంటూరున పదునెనిమిది ఎకరముల స్థలము కొనిరి. 1893లో డిస్పెన్సరీ భవనము తెరువబడెను. ఆ దశాబ్దము ముగియకముందే ఏబది పడకల ఆసుపత్రి నిలిచెను. స్థలము మిషను పేరిట నుండుటచేత ఒక మనిషి మారినను ఆసుపత్రి మారదు. కట్టడము ఒకసారి ఖర్చు. నడుపుట ప్రతిదినపు ఖర్చు. మిషను ఆసుపత్రులు సామాన్యముగా అనుసరించిన పద్ధతి ఏమనగా, కలిగినవారియొద్ద రుసుము తీసికొనుట, లేనివారికి ఉచితముగా చూచుట, ఆ లోటును దూరదేశ సంఘముల కానుకలతో పూడ్చుట. ఒక్కొక్క పడక వ్యయమును ఒక్కొక్క సంఘము వహించుటయు కలదు. ఇది మిక్కిలి సులభముగా కనబడును గాని, ఎవడు కలిగినవాడో ఎవడు లేనివాడో తలుపు దగ్గర నిర్ణయించుట ఎంత కష్టమో లెక్కల పుస్తకము పట్టుకొనిన వారికే తెలియును. కలిగినవాడు చినిగిన బట్ట కట్టుకొని వచ్చును. లేనివాడు మర్యాదకొరకు అప్పుచేసి చెల్లించును.

కేథరిన్ ఫాస్ అను నర్సుగారు వచ్చి చేరిన పిమ్మట దేశపు యువతులకు రోగుల పరిచర్య నేర్పసాగిరి. ప్రసవపు గదిలోని పని నీచమైన పనియని తలంచిన కాలమది. ఆ పనికి శిక్షణ, జీతము, గౌరవము అను మూడును తెచ్చుటలో మిషను ఆసుపత్రులకును పాలున్నదని చెప్పినను తప్పులేదు. చాలకాలమునకు, 1926లో, చెన్నరాష్ట్రమున నర్సుల మంత్రసానుల చట్టము వచ్చి వారి పేర్లు రిజిస్టరులో నెక్కించెను. చట్టము సేవకు వెనుకనే నడచి వచ్చుట వైద్యచరిత్రలో తరచుగా కనబడును.

ఏలూరు జమీందారు రాజా భుజంగరావు బహదూరుగారి సంగతి ఇక్కడ చెప్పవలెను. ఆయన రాణిగారికి ఈ ఆసుపత్రివలన మేలు కలిగెను. కృతజ్ఞతగా ఆయన ఆసుపత్రి యెదుట ఒక సత్రము కట్టించి యిచ్చిరి. రోగులను వెంటబెట్టుకొని వచ్చు హిందూ బంధువులు అక్కడ దిగి తమ ఆచారము చొప్పున వండుకొనవచ్చును. ఈ సత్రము చిన్న విషయము కాదు. ఆసుపత్రికి రాకుండ జనులనాపినది మందు భయము మాత్రమే కాదు. ఎవరు వండినది తినవలెనను భయము, ఎక్కడ పండుకొనవలెనను భయము. కులాచారమునకు మిషను చోటిచ్చినదని ఆక్షేపించువారు కలరు. వారి మాటలో కొంత న్యాయమున్నది. అయితే సత్రము వీధికి ఆవల నున్నది. ఆసుపత్రి తలుపు అన్ని కులములకు తెరచియే యుండెను. క్రైస్తవ దొరసాని ఆసుపత్రికి హిందూరాజు పూటకూళ్లయిల్లు కట్టించుట చూడగా ఉపమానములోని సమరయుడే నాకు మరల జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు. వారును ఒకరినొకరు వేరు జనులుగా ఎంచుకొనిన కాలముననే గదా ఆ రెండు దేనారములు చేతులు మారినవి!

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. మూడు సంవత్సరముల క్రిందట మా సంఘములో కొబ్బరి దింపు తీయువాడొకడు చెట్టుమీదనుండి పడెను. రాత్రివేళ కారు మాటలాడి, నదికి ఆవల నున్న పట్టణములో ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చితిమి. నేను వెంటనుండి మోకరించి ప్రార్థన చేసితిని. దేవుడు అతని ప్రాణము నిలిపెను. బిల్లు వచ్చిన దినమున అతని భార్య మెడలోని బంగారము పోయెను, పాడిగేదె పోయెను, తక్కినది అప్పుగా నిలిచెను. తెల్లకార్డు ఉన్నదాయని నేను అడుగలేదు. ఆ ఆసుపత్రి ఆరోగ్యశ్రీ జాబితాలో నున్నదాయనియు అడుగలేదు. లేదని తరువాత తెలిసినది. 2007లో మన రాష్ట్రమున ప్రారంభమైన ఆ పథకము తెల్లకార్డు గల కుటుంబముల పెద్ద చికిత్సల వ్యయమును ప్రభుత్వమే ఆసుపత్రికి చెల్లించునట్లు ఏర్పరచినది. కాని జాబితాలోని ఆసుపత్రికే, ముందుగా అనుమతి పొందిన చికిత్సకే. ఆ గాయమునకు వర్తించియుండునో లేదో చెప్పలేను. విచారించుట నా పని, నేను చేయలేదు. నూనె పోసితిని, దేనారముల సంగతి మరచితిని.

పుస్తకములలోని చట్టములను చూచినచో మన దేశములో లోటు లేనట్లే యుండును. 1946లో భోర్ కమిటీ, డబ్బు లేనందున ఎవరును వైద్యము లేక పోకూడదని సిఫారసు చేసెను. ఆ కమిటీ అధ్యక్షుడైన సర్ జోసెఫ్ భోర్ గారు మన దేశ క్రైస్తవుడే. ఆ నివేదిక వెంబడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పల్లెలకు వచ్చినవి. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము వచ్చి ఫ్యాక్టరీ కార్మికునికి జీతములో కొంత, యజమాని వాటాలో కొంత చేర్చి వైద్యము కల్పించెను. దింపు తీయువానికి యజమాని ఎవడు? ఈ దినము ఒక తోట, రేపు ఒక తోట. పీచు తీయు స్త్రీకి, ఒలుపు కూలికి, నాటు కూలికి ఆ చట్టము అందదు. 1884 నాటి గోషా స్త్రీవలె వీరును తలుపు బయటివారే. దూరదేశపు కానుకలు తగ్గిన పిమ్మట మిషను ఆసుపత్రులనేకము చిక్కిపోయినవి. ఉచితముగా పొందిన తరము వారు ఇతరులకొరకు చెల్లించుట నేర్చుకొనలేదు. అందులో పాదరులమైన మా దోషము ఎక్కువ. పుచ్చుకొనుటను గూర్చి కృతజ్ఞతా ప్రార్థన నేర్పితిమి గాని కుండలో వేయుటను నేర్పలేదు.

దొరసానిగారి కడపటి సంవత్సరములకు వత్తము. ప్రభుత్వమువారు ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకమిచ్చిరి. ఏబది పడకల ఆసుపత్రి క్రమముగా పెరిగెను. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడెను. 1928లో ఆమె తమ ఆసుపత్రి చరిత్రను పుస్తకముగా వ్రాసి ప్రచురించిరి. తమ పేరు పెట్టుకొనక, దానికి గుంటూరు మిషను ఆసుపత్రి యనియే పేరు పెట్టిరి. శరీరము బలహీనమైనను స్వదేశమునకు తిరిగిపోయి విశ్రమింపలేదు. 1930 జూలై 26న, తాము కట్టించిన ఆసుపత్రిలోనే, డెబ్బదినాలుగవ యేట ప్రభువునందు నిద్రించిరి. గుంటూరు వచ్చి అప్పటికి నలుబదియేడవ సంవత్సరము జరుగుచుండెను. ఆసుపత్రికి ఆమె పేరు తరువాతి వారు పెట్టినది.

మా సంఘములో వచ్చు నెల మొదటి ఆదివారము ఆరాధన పిమ్మట స్త్రీల సమాజపు కూటము జరుగును. గుప్పెడు బియ్యపు కుండల లెక్క ఆనాడు చూతుము. ఆ బియ్యము ఇంతవరకు పాదరి యింటికే వచ్చుచున్నది. అందులో సగము విక్రయించి రోగుల నిధిగా ఉంచుటకు ఒక తీర్మానము వ్రాసి పెట్టితిని. లెక్క వ్రాయుటకు ఇద్దరు సహోదరీలు కావలెను. వచ్చువారు తమ యింటి తెల్లకార్డును వెంట తెచ్చుకొనినచో, ఏ ఆసుపత్రులు జాబితాలో నున్నవో ఆనాడే చదివి చెప్పుదుము.